మన పేరు మీద ఉంచిన సీటు

ఈసారి గోడపత్రికలో నేను రిజర్వేషన్ల గురించి రాస్తున్నాను. ఎందుకనగా, ‘మీకేంది, ఎస్టీలు, ఊరికెనే సీటు వస్తది’ అని బయట చాలామంది అంటరు. ఆ మాట నిజమా కాదా, లెక్కతోని చూద్దాం.

రిజర్వేషన్ అనగా ఏమి?

చదువులో, ఉద్యోగాలలో, ఎన్నికలలో కొన్ని స్థానాలను తరతరాలుగా వెనుక ఉంచబడిన వారి కొరకు విడిగా ఉంచుటను రిజర్వేషన్ అంటారు. ఇది దయ కాదు, చట్టం. 1902లోనే శాహూ మహారాజు తన సంస్థానంలో ఖాళీ అయ్యే ఉద్యోగాలలో సగం వెనుకబడిన వారికి ఇవ్వాలని ఉత్తర్వు చేసినాడు. అది మహారాష్ట్రలోని కొల్హాపూర్, మన కొల్లాపూర్ అనుకోవద్దు.

తరువాత రాజ్యాంగం వచ్చింది. దానిని రాసిన సభలో ఆదివాసుల తరఫున గట్టిగా మాట్లాడినది జైపాల్ సింగ్ ముండా. ఆయన 1928 ఒలింపిక్స్‌లో మన దేశం హాకీ జట్టుకు కెప్టెన్ కూడా. 1951లో మద్రాసు రాష్ట్రం కాలేజీ సీట్లను కులాల వారీగా పంచుట చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. అదే సంవత్సరం రాజ్యాంగాన్ని మొదటిసారి సవరించి 15వ అధికరణంలో 4వ క్లాజు చేర్చినారు. మన కాలేజీ సీట్లు దాని మీదనే నిలబడి ఉన్నవి.

‘పదేండ్లకే పెట్టినరు గదా, ఇంకా ఎందుకు?’ అని కూడా కొందరు అడుగుతరు. గడువు ఉన్నది ఎమ్మెల్యే, ఎంపీ సీట్లకు మాత్రమే. దానిని పొడిగిస్తూ వచ్చినారు, ఇప్పుడు 2030 వరకు ఉన్నది. చదువుకు, ఉద్యోగాలకు అట్ల గడువు పెట్టలేదు.

మన జిల్లాల లెక్క

తెలంగాణలో ఎస్సీలకు 15, బీసీలకు 29, ఎస్టీలకు 10 శాతం. మనది మొదట 6 ఉండె, 2022లో 10 చేసినారు. 2011 జనాభా లెక్క ప్రకారం రాష్ట్రంలో నూటికి 9 మంది ఎస్టీలే. అంటే ఎవరి వాటా మనం గుంజుకోలేదు.

2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలో 150 సీట్ల చొప్పున ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చినవి. 150లో 15 శాతం దేశమంతటి వారికి పోతే సుమారు 127 మన రాష్ట్రానికి. అందులో 10 శాతం అంటే 12 ఎస్టీ సీట్లు. మూడో వంతు ఆడపిల్లలకు అంటే 4. గద్వాలలో 2024లో 50 సీట్లతో కాలేజీ పెట్టినారు, అక్కడ ఎస్టీలకు 4. ఇవి కూడా మూడు జిల్లాల వారికే కాదు, రాష్ట్రంలో ఎస్టీ పిల్లలందరూ పోటీ పడతరు. ఇంత తక్కువ సీట్లు ఊరికెనే ఎట్ల వస్తయి?

పరీక్ష అందరికీ ఒక్కటే, పేపరు ఒక్కటే. అర్హత మార్కు మనకు కొంచెం తక్కువ ఉంటది. కానీ లోపలికి పోయినంక డాక్టరు పరీక్ష పాసు మార్కులు అందరికీ సమానం. ఇంకో సంగతి చాలామందికి తెల్వదు. మంచి ర్యాంకు వస్తే ఎస్టీ పిల్ల ఓపెన్ సీటులోనే చేరవచ్చు. అది మన 10 శాతంలో లెక్కకు రాదు.

చెంచు పిల్లల సంగతి

మన రాష్ట్రంలో ఎస్టీ తెగలు 32. ఆ 10 శాతం అందరికీ కలిపి. మేము చెంచులము. కోలాం, కొండరెడ్డి, తోటి తెగలతో పాటు మమ్ములను అతి బలహీన తెగగా కేంద్ర ప్రభుత్వం గుర్తించింది. మా పెంటలో పదో తరగతి దాటిన ఆడపిల్ల ఇప్పటివరకు లేదు. మా ఇంట్ల పలక పట్టినది నేనే మొదలు. తండా నుంచి వచ్చిన నా దోస్తు ఇంట్లయితే వాళ్ల అన్న డిగ్రీ చదువుతుండు, ఏ ఫారం ఎట్ల నింపాలో చెప్తడు. మాకు చెప్పేటోళ్లు లేరు.

2025లో తెలంగాణ ఎస్సీలను మూడు గ్రూపులు చేసి 15 శాతాన్ని 1, 9, 5గా పంచింది. బాగా వెనుకబడిన కులాలకు కూడా అందాలని అట్ల చేసినారు. ఎస్టీలలో కూడా వెనుక ఉన్నవారి గురించి ఆలోచించాలని నాకు అనిపిస్తది. ఇది తండా అక్కలతో పోట్లాట కాదు. ఒకే బెంచీ మీద కూర్చున్నోళ్లం, అందరం సీటు దాకా పోవాలె.

కాగితం లేకుంటే సీటు లేదు

రిజర్వేషన్ కావాలంటే కుల సర్టిఫికెట్ ఉండాలి. మీసేవలో దరఖాస్తు పెడితే తహశీల్దారు ఆఫీసు వాళ్లు విచారించి ఇస్తరు. నా ఇంటిపేరు ఆధార్‌లో ఒక తీరు, స్కూలు రిజిస్టర్‌లో ఒక తీరు పడ్డది. దానిని సరిచేయించేందుకు మా అయ్య ఒక ఆఫీసుకు మూడుసార్లు పోయిండు. మూడు రోజుల కూలి, బస్సు చార్జీలు పోయినవి. ఇంకా కాలేదు. అయ్యకు చదువు రాదు, వాళ్లు రాసిచ్చిన చీటీ నాకు తెచ్చి చూపించిండు.

అందుకే అందరం ఇప్పుడే చేయవలసినవి:

1. ఆధార్‌లో, స్కూలు రిజిస్టర్‌లో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒక్క తీరుగ ఉన్నవా చూసుకోవాలి.
2. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టకముందే కుల సర్టిఫికెట్ తీసుకోవాలి.
3. సెలవులకు ఇంటికి పోయి ఆగిపోవద్దు. పెండ్లి అంటే, ‘పద్దెనిమిది నిండలేదు, చట్టం ఒప్పుకోదు’ అని చెప్పాలి. మాట వినకుంటే 1098కి ఫోన్ చేయాలి.

వార్డెన్ మేడంలకు ఒక మనవి. తొమ్మిది, పది తరగతుల వాళ్ల కాగితాలన్నీ ఒకరోజు హాస్టల్‌లోనే చూసి, తప్పులున్న వాళ్ల పేర్లు రాసి ఆఫీసుకు పంపితే, మా అమ్మానాయనలకు కూలి పోదు.

గుట్ట చరియకు తేనెపట్టు కనిపిస్తే తేనె చేతికి రాదు. తాడు కట్టుకొని దిగాలె, పైన తాడు పట్టేటోళ్లు గట్టిగ ఉండాలె. దిగుడు మా పని. తాడు మీరు పట్టండి.

ఇట్లు,
ఒక చెంచు విద్యార్థిని, 9వ తరగతి