దూరవిద్యలో టీచర్ ట్రైనింగ్: సర్టిఫికెట్‌కి విలువెంత?

మన పిల్లల చదువు మీద చర్చ వచ్చినప్పుడు హాస్టళ్ళ గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పాఠ్యపుస్తకాల గురించి మాట్లాడతాం. పాఠం చెప్పడం టీచరుకి ఎవరు నేర్పారు, ఎలా నేర్పారు అన్న ప్రశ్న దాకా రాం. ఇవాళ ఆ నేర్పడంలో పెద్ద భాగం టీవీలో, కంప్యూటర్లో, సెల్‌ఫోన్లో జరుగుతున్నది. దీనివల్ల ఎవరికి దారి దొరికింది, ఆ దారిన పోయినవాళ్ళకి ఏమైంది అన్నది మనం పట్టించుకోవాల్సిన విషయం.

దూరవిద్య మనకి కొత్త కాదు. 1982లో హైదరాబాదులో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. ఉద్యోగం మానేసి రెండేళ్ళు కాలేజీకి పోవాలంటే వెనక ఆస్తి ఉండాలి. జీతం ఆగితే పొయ్యి వెలగని ఇంట్లోంచి వచ్చిన మొదటితరం టీచరుకి ఆ వెసులుబాటు ఎక్కడిది? అందుకే దూరవిద్యని మొత్తంగా కొట్టిపారెయ్యడం మన పని కాదు. దానికి విలువ కట్టేది ఎవరు అన్నదే ప్రశ్న.

ఒక ఉదాహరణ చూద్దాం. ట్రైనింగ్ లేని టీచర్లు అయిదేళ్ళలో అర్హత సంపాదించాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. 2017లో చట్టాన్ని సవరించి ఆ గడువుని 2019 మార్చి 31 దాకా పెంచారు. ఈలోగా డిప్లొమా లేకపోతే ఉద్యోగం పోయినట్టే. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ 18 నెలల కోర్సు పెట్టింది. బీహార్, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాలతో సహా దేశమంతటి నుంచి 13 లక్షలకు పైగా టీచర్లు చేరారు. పాఠాలు ‘స్వయం’ అనే ఆన్‌లైన్ వేదిక మీద, ‘స్వయం ప్రభ’ టీవీ చానల్లో వచ్చేవి. బళ్ళో పాఠం చెప్పడం మానకుండానే వీడియోలు చూడాలి, అసైన్‌మెంట్లు రాయాలి, స్టడీ సెంటరుకి పోవాలి, పరీక్షలు రాయాలి.

ఇంత చేశాక ఏమైంది? కొత్త నియామకాలకి ఈ డిప్లొమా చెల్లదని 2019లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి బీహారు ప్రభుత్వానికి చెప్పింది. 2020 జనవరిలో పాట్నా హైకోర్టు ఆ మాటని కొట్టేసింది. 2023 నవంబరులో సుప్రీంకోర్టు 18 నెలల కోర్సు రెండేళ్ళ డిప్లొమాకి సమానం కాదంది. 2024 డిసెంబరులో మళ్ళీ అదే కోర్టు వివరణ ఇచ్చింది: 2017 ఆగస్టు 10 నాటికి ఉద్యోగంలో ఉండి, 2019 ఏప్రిల్ 1 లోపు కోర్సు పూర్తిచేసిన వాళ్ళు వేరే ఉద్యోగాలకీ, ప్రమోషన్లకీ అర్హులే. కోర్సు పెట్టిందీ, 18 నెలలని నిర్ణయించిందీ సర్కారీ సంస్థలు. అయిదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగింది మాత్రం టీచర్లు.

రెండో సంగతి, ఆ నేర్పడంలో ఏముందన్నది. 2019లో మొదలైన ‘నిష్ఠ’ శిక్షణ కోవిడ్ వల్ల 2020లో ఆన్‌లైన్‌కి మారింది. ఆ ఏడాది జూలైలో తొలి ఆన్‌లైన్ విడత ఆంధ్రప్రదేశ్‌లోని 1,200 మంది రిసోర్స్ పర్సన్లతోనే మొదలైంది. అక్టోబరు నుంచి ‘దీక్ష’ వేదిక మీద 18 భాగాలు టీచర్ల ముందుకి వచ్చాయి. మారుమూల బడి టీచరుకి కూడా అదే పాఠం అందడం మంచిదే. కానీ పైనుంచి లెక్క అడిగేది ఎంతమంది పూర్తిచేశారని, ఏం నేర్చుకున్నారని కాదు. అప్పుడు వీడియో నడుస్తూ ఉంటుంది, టీచరు వేరే పని చూసుకుంటాడు. చివరికి సర్టిఫికెట్ వస్తుంది.

విద్యాహక్కు చట్టంలోని 8, 9 సెక్షన్లు బలహీనవర్గాల పిల్లల మీద బడిలో వివక్ష జరక్కుండా చూడమంటున్నాయి. అందర్నీ సమానంగా చూడాలని వీడియో కూడా చెప్పగలదు. కానీ మాదిగవాడ పిల్లల్ని వేరే వరసలో కూర్చోబెట్టి అన్నం పెడుతుంటే, ఊరి పెద్దలు ఎదురు తిరుగుతుంటే, టీచరు ఏం చెయ్యాలి? ఆ ప్రశ్న వీడియోని అడగలేం. పక్క ఊరి టీచర్ని అడగొచ్చు, అలాంటి పరిస్థితి ఎదుర్కొన్నవాళ్ళని అడగొచ్చు. ముఖాముఖి కూర్చునే చోటు లేకపోతే ఆ అనుభవాలు ఎవరికి వారి దగ్గరే ఉండిపోతాయి.

కాబట్టి టీచర్ల సంఘాలు, దళిత సంఘాలు మూడు విషయాలు అడగాలి. ప్రభుత్వం పెట్టిన కోర్సు ఎక్కడెక్కడ చెల్లుతుందో చేరకముందే రాతపూర్వకంగా చెప్పాలి. ఫోను, డేటా ఖర్చుని టీచరు జీతం మీద రుద్దకూడదు. ఆన్‌లైన్ శిక్షణకి తోడు మండల స్థాయిలో టీచర్లు కలిసి కూర్చుని, బడిలో కులం గురించి భయం లేకుండా మాట్లాడుకునే రోజులు ఉండాలి. అవి డ్యూటీ రోజులుగానే లెక్కకి రావాలి.