జిమ్మేదారీ, ఇఖ్తియార్ : ఉద్యోగమునందలి ఒత్తిడి

వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు ‘సంస్థాగత ప్రవర్తన’ అను పాఠ్యాంశము కలదు. సంస్థలో మనుష్యులు ఏల అట్లు ప్రవర్తింతురు, వారిచేత పని చేయించునది జీతమా, భయమా, తోటివారి మాటా అని విచారించు శాస్త్రమిది. మాస్లో 1943లో చెప్పిన అవసరముల శ్రేణిని, మెక్‌గ్రెగర్ 1960లో చెప్పిన ఎక్స్, వై సిద్ధాంతములను వల్లించి పరీక్ష గట్టెక్కుట కద్దు. మేమా పట్టికను ఇచ్చట తిరిగి వ్రాయము. పనిలోని ఒత్తిడి యను ఒక్క విషయమును, నిత్యము మన కండ్లయెదుట తిరుగు జగ్గయ్యపేట, నందిగామ డిపోల బస్సులను చూపి వివరింప యత్నింతుము.

ఒత్తిడి యనగా పని ఎక్కువగుటయే అని సామాన్యముగా తలచెదరు. ఇది సగము నిజము. రాబర్ట్ కరాసెక్ అను అమెరికా పరిశోధకుడు స్వీడన్, అమెరికా దేశముల ఉద్యోగుల సమాచారమును పరిశీలించి, పని బరువు నొక్కదానినే కొలుచుట చాలదనియు, ఆ పనిని ఎట్లు చేయవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛను కూడ కొలువవలెననియు 1979లో ప్రకటించెను. బరువు హెచ్చి నిర్ణయాధికారము తగ్గినచోట మనస్సు, దేహము రెండును చెడును. బరువు హెచ్చినను అధికారము కూడ నున్నచోట మనిషి క్రొత్త నేర్పు గడించును. 1988లో జాన్సన్, హాల్ అనువారు తోడివారి అండను మూడవ అంశముగా చేర్చిరి. ఉర్దూలో దీనిని రెండు మాటలలో చెప్పవచ్చును: జిమ్మేదారీ ఉన్నది, ఇఖ్తియార్ లేదు. తెలుగున బాధ్యత, అధికారము అన్నను చాలును గాని, ఇఖ్తియార్ అను మాటలో ‘ఎంచుకొనుట’ యను అర్థము కూడ ఇమిడి యున్నందున మాకది మిక్కిలి నచ్చినది.

జగ్గయ్యపేటలో బయలుదేరి చిల్లకల్లు, నందిగామ, కంచికచర్ల మీదుగా విజయవాడ చేరు బస్సు డ్రైవరును చూడుడు. వేళకు చేరవలెను, వేగము మీరరాదు, లీటరు డీజిలుకు ఇన్ని కిలోమీటర్లు నడుపవలెను, చేయెత్తిన ప్రతివారికి బస్సు నాపవలెను. ఈ నాలుగును ఒకదానికొకటి అడ్డు. దారిలో లారీల వరుస, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ల రద్దీ అతని చేతిలోనివి కావు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరము వద్ద జాతీయ రహదారినే ముంచి రాకపోకలు నిలిపివేసినది. ఆలస్యమునకు ప్రయాణికుడు మందలించునది మాత్రము డ్రైవరునే.

కండక్టరు సంగతి వేరు. 1964లో రాబర్ట్ కాన్, అతని సహచరులు ‘పాత్రా సంఘర్షణ’ అని పేరిడిన స్థితికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. చిల్లర లేదన్న ప్రయాణికుడు ఒకవైపు, తనిఖీ అధికారి మరియొకవైపు. లెక్క తగ్గినచో జేబునుండి కట్టవలెను. 2025 ఆగస్టు 15న ఆరంభమైన స్త్రీశక్తి పథకము వలన స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మున్నగు బస్సులలో ఉచిత ప్రయాణము లభించినది. మా విద్యార్థినులకు ఇది గొప్ప మేలు, సందేహము లేదు. అయినను క్రిక్కిరిసిన బస్సులో ఒక్కొక్కరి గుర్తింపు కార్డు చూచి సున్నా టిక్కెట్టు కొట్టు పని కండక్టరుపై పడినది. ఎక్కువారి సంఖ్యను నిర్ణయించునది అతడు కాదు.

ఒత్తిడి దేహమును తాకునా? 1953లో జెర్మీ మారిస్, అతని సహచరులు లండను బస్సు సిబ్బందిని పరిశీలించి, కూర్చుండి నడుపు డ్రైవర్లకు గుండెజబ్బు, మెట్లెక్కి దిగు కండక్టర్లకంటె హెచ్చుగా వచ్చుచున్నదని వెల్లడించిరి. మారిస్ దీనికి దేహశ్రమయే కారణమని వాదించెను. స్వేచ్ఛ లేని పని కూడ గుండెకు కీడు చేయునని తరువాతివారు చూపిరి. డ్రైవరు సీటులో ఈ రెండు కీడులును ఒకేచోట కూడినవి.

మన దేశమున చట్టము దృష్టి ముఖ్యముగా గంటలపై నిలిచినది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు సామాన్య పరిమితిగా విధించినది. ఇది అవసరమే, కాని గంటలను లెక్కించినట్లు ఇఖ్తియార్‌ను లెక్కింపలేము. 2020 జనవరి 1 నుండి మన రాష్ట్ర ఆర్.టి.సి. సిబ్బంది ప్రభుత్వోద్యోగులైరి. భద్రత పెరిగినది. అయితే హెర్జ్‌బర్గ్ 1959లో చెప్పినట్లు, జీతము, భద్రత లేకున్న అసంతృప్తి కలుగును గాని, ఉన్నంతమాత్రమున పనిలో ఉత్సాహము పుట్టదు.

అధికారము పంచినచో ఏమగునో మన దేశముననే ఒక ప్రయోగము జరిగినది. అహమ్మదాబాదు కాలికో మిల్లులో స్వయంచాలక మగ్గములు వచ్చిన పిదప ఒక్కొక్కనికి ఒక్కొక్క చిన్నపని కేటాయింపగా దిగుబడి ఆశించినంత రాలేదు. ఎ. కె. రైస్ అను టావిస్టాక్ సంస్థ పరిశోధకుడు 1953లో కొన్ని మగ్గములకు ఒక చిన్న జట్టు చొప్పున ఏర్పరుపగా, పనిని ఎట్లు పంచుకొనవలెనో జట్టులవారే నిర్ణయించుకొనిరి. ఉత్పత్తి పెరిగినది, చెడిన గుడ్డ తగ్గినది. యంత్రములు మాత్రము మారలేదు.

బస్సుకు మగ్గమునకు పోలికేమి యని మీరడుగవచ్చును. రోడ్డుపై జట్టు పని లేకపోవచ్చును గాని, డ్యూటీ చార్టు వ్రాయునపుడు ఆ దారి నడుపు సిబ్బందిని కూర్చుండబెట్టి, ఏ స్టేజీకి నిజముగా ఎన్ని నిమిషములు పట్టునో అడుగవచ్చును. విశ్రాంతి గదిలో డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకొను మాటలలో ఈ లెక్క ఎప్పుడును ఉండనే ఉన్నది. చార్టు మీదికి ఎక్కవలెను, అంతే.

చివరకు కళాశాల కమిటీవారి పరిశీలనకు ఒక విషయము. పరీక్ష ఫీజు గడువు దినమున ఏ కళాశాల కార్యాలయములోనైనను కిటికీ వెనుక గుమాస్తా స్థితి కండక్టరు స్థితియే. విద్యార్థి కోపము అతనిపైకి, గడువు నిర్ణయము మరియొకరిది. విశ్వవిద్యాలయమువారి గడువును మనము మార్చలేము. కాని అంతకు ముందుగా కళాశాల తనకై పెట్టుకొను గడువును, తగిన కారణమున్న విద్యార్థికి ఒకటి రెండు దినములు సడలించు అధికారమును గుమాస్తాకు వ్రాతపూర్వకముగా ఈయవచ్చును.