వాడిపోని పువ్వు! వాడుకోనివ్వని లోకం!

మన తెలుగు సినిమాకి పువ్వంటే ఎంత మోజో టైటిల్స్ చూస్తేనే తెలిసిపోతుంది. 1978లో 'మల్లెపూవు' వచ్చింది. 1981లో జంధ్యాల గారి 'ముద్దమందారం' వచ్చింది. 1992లో అరవం నుంచి 'రోజా' కూడా మన దాకా వచ్చేసింది. పేరులో పువ్వు లేని సినిమాలో కూడా హీరోయిన్ జడలో పువ్వు ఉండి తీరుతుంది. తొలిరాత్రి సీనంటే మంచం నిండా మల్లెలే!

అయితే తెర మీద రెండు నిమిషాల్లో అయిపోయే సీను తీయడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుందన్న సంగతి మనకి గుర్తుండదు. పొద్దున క్లోజప్‌లో విచ్చుకున్న మల్లెదండ మధ్యాహ్నం లాంగ్ షాట్‌లో లైట్ల వేడికి వడలిపోయి వేలాడితే ఎలా? 'కంటిన్యుటీ' పోదూ! అలాంటి చోట కాగితం పువ్వో, గుడ్డ పువ్వో, దారం పువ్వో ఆదుకుంటుంది. దానికి వాడిపోవడమంటే తెలీదు మరి.

అసలు జడ మీద మనకున్న గౌరవం సినిమాకంటే పాతది. కూచిపూడి 'భామాకలాపం'లో సత్యభామ ముందు ముఖం చూపించదు. తెర మీదుగా జడను ఇవతలికి వేస్తుంది! నన్ను మించినవాళ్లెవరైనా ఉంటే రండని ఆ జడే సవాలు చేస్తుంది. మగవారై ఉండి సత్యభామ వేషంలో ఊళ్లకు ఊళ్లను మురిపించిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారు (1935–2012) ఆ జడతోనే పేరు తెచ్చుకున్నారు. అదండీ జడ మహత్యం!

ఇంతకీ నేను చెప్పబోయేది ఆ జడలో పెట్టుకునే ఒక చిన్న దారం పువ్వు గురించి. క్రోషియా సూదితో అల్లే పువ్వు.

ఐర్లండు ఆకలి నుంచి నర్సాపురం అరుగుల దాకా

క్రోషియా పువ్వు పుట్టుక వెనక పెద్ద ఆకలి కథ ఉంది. 1845లో ఐర్లండులో బంగాళాదుంపల పంటకు తెగులు పట్టి కరువొచ్చింది. లక్షలమంది చచ్చిపోయారు, లక్షలమంది దేశం విడిచిపోయారు. అప్పుడు కాన్వెంటు సన్యాసినులు, చర్చి పాస్టర్ల భార్యలు ఆడవాళ్లకు క్రోషియా నేర్పి, అల్లినదాన్ని అమ్మించి పొయ్యి వెలిగేలా చేశారు. క్లోన్స్ అనే ఊళ్లో కసాండ్రా హ్యాండ్ అనే ఆవిడ 1847లో ఈ పని మొదలుపెట్టారు. అక్కడ ఒకామె గులాబీలు అల్లితే, ఇంకొకామె ఆకులు అల్లేది. అన్నీ తెచ్చి ఒకచోట వలలా కలిపేవారు.

టర్కీ పల్లెల్లో అయితే తలగుడ్డ అంచుకి అల్లే దారం పూలను 'ఓయా' అంటారు. అక్కడ పువ్వే మాట్లాడుతుంది! మొగుడి మీద కోపమొచ్చిన ఇల్లాలు ఎర్ర మిరపకాయల ఓయా కట్టుకుంటుందట. ఇక ఆ పూటకి అతగాడు నోరు మూసుకోవాల్సిందే!

మన దగ్గరికొస్తే నర్సాపురం. స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు, ఇతర మిషనరీలు 19వ శతాబ్దంలో ఆ చుట్టుపక్కల ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పారు. గోదావరికి ఎగువన మా తెలంగాణలోని దుమ్ముగూడెంలో కూడా మిషనరీలు లేసు నేర్పించారు. నర్సాపురంలో పని పంపకం అచ్చం ఐర్లండులాగే ఉండేది. విడిపూలు అల్లేది ఒకరు, దాన్ని 'చేతిపని' అంటారు. వాటిని కలిపేది ఇంకొకరు, అది 'అతుకుపని'. పువ్వు అల్లినామెకి చివరికి తయారైన టేబుల్ క్లాత్ ఎలా ఉంటుందో కూడా తెలిసేది కాదు.

మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1970ల చివర్లో అక్కడికి వచ్చి, ఆడవాళ్లతో కూచుని, 1982లో ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చేశారు. లక్షకు పైగా ఆడవాళ్లు రోజుకి ఆరేడు గంటలు, ఎనిమిది గంటలు వంచిన తల ఎత్తకుండా అల్లుతున్నారు, సరుకు విదేశాలకి పోతోంది, డాలర్లు వస్తున్నాయి. కానీ వాళ్లని ఎవరూ 'పనివాళ్లు' అనరు. 'ఇంట్లో ఖాళీగా కూచోలేక అల్లుకుంటున్నారు' అంటారు! ఖాళీ టైములో చేసేదానికి కూలేమిటి అన్నది వ్యాపారి లెక్క. ఆ లెక్క వెనక ఉన్న మోసాన్ని ఆవిడ ప్రపంచానికి చూపించారు.

ఆ పుస్తకం గురించి చదివినప్పుడు నాకు నర్సాపురం కంటే ముందు మా తరిగొప్పుల గుర్తొచ్చింది.

మా ఊరు, మా అత్త

మాది తరిగొప్పుల. ఇప్పుడు జనగామ జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా నర్మెట మండలంలో, వరంగల్ జిల్లాలో ఉండేది. వానాకాలం పోతూ పోతూ తంగేడును, గునుగును ఇచ్చి పోతుంది. సద్దుల బతుకమ్మ నాటికి ఊరంతా పూలే.

మా మేనత్తకు ముప్ఫై నాలుగేళ్లప్పుడు మామ పోయాడు. ఆరేళ్ల కూతుర్ని చంకనేసుకుని మా ఇంటికొచ్చింది. బతుకమ్మకు పూలు కోసుకొచ్చేది ఆమే, వరసలు పేర్చేది ఆమే. ఆమె చేతి బతుకమ్మ వంకర పోదని వాడకట్టంతా మెచ్చుకునేది. కానీ ఆమె తలలో పువ్వు ఉండేది కాదు. మామ పోయిన పదకొండో నాడు తీసేసింది తీసేసినట్టే.

చిన్నప్పుడు ఒక వదినె దగ్గర నేర్చుకున్న క్రోషియా ఆ రోజుల్లో మళ్లీ పట్టింది అత్త. మొదట కూతురి జడకు ఒకటి అల్లింది. బడిలో పిల్లలందరూ అడిగారు. తరవాత జనగామలో ఒక ఫ్యాన్సీ దుకాణం నుంచి ఆర్డర్ వచ్చింది. గులాబీలు, చామంతులు, మల్లెమొగ్గల దండలు. పొద్దున వంటయ్యాక కూచుంటే దీపాలు పెట్టేదాకా సూది ఆడుతూనే ఉండేది. రెండు వరసల గులాబీకి ఎంత చెయ్యి తిరిగినా పాతిక నిమిషాలు పట్టేది. దుకాణంవాడు పువ్వుకి రెండు రూపాయలిచ్చి, పిన్ను కుట్టి పదిహేనుకి అమ్మేవాడు. "దారంముక్కకి ఇంతకంటే ఏమిస్తామమ్మా" అనేవాడట.

ఒకనాడు నేనుండబట్టలేక అడిగాను.

"అత్తా, ఇన్ని అల్లుతున్నవ్, నువ్వొకటి పెట్టుకోరాదు?"

"పిచ్చి లేసిందా బిడ్డా? నలుగురు చూస్తే ఏమంటరు?"

"ఇది నిజం పువ్వు కాదు గదా, దారమే గదా!"

అత్త సూది ఆపకుండానే అంది: "దుకాణంల దారమంటరు, పైసలియ్యరు. వాడకట్టుల పువ్వంటరు, పెట్టుకోనియ్యరు. ఏడికి పోయినా నాకు ఎదురే బిడ్డా!"

నాకు నోట మాట రాలేదు. ఏ డైలాగు రైటర్ రాయగలడు చెప్పండి ఆ మాట!

తెర మీద తేలిక, వాడకట్టులో బరువు

రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. సినిమావాళ్లు కూడా వెనకాడలేదు. వై.వి. రావు గారి 'మళ్ళీ పెళ్ళి' 1939లోనే వచ్చింది, కాంచనమాల హీరోయిన్. మరుసటి ఏడే బి.ఎన్. రెడ్డి గారు 'సుమంగళి' తీశారు. 1986లో విశ్వనాథ్ గారి 'స్వాతిముత్యం'లో కమల్‌హాసన్ సీతారాముల కళ్యాణం జరుగుతున్న చోట రాధిక మెడలో తాళి కట్టేస్తే హాలంతా చప్పట్లు! ఆ చిత్రాన్నే మన దేశం తరఫున ఆస్కార్‌కి పంపారు.

చప్పట్లు కొట్టినవాళ్లలో మా ఊరివాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. హాల్లో కొట్టిన చేతులే ఇంటికొచ్చాక అత్త జడవైపు వేలు చూపించేవి, అంతే! పెళ్లి అంత పెద్ద మాట తెర మీద ఒప్పుకున్నవాళ్లం, పువ్వంత చిన్న మాట ఇంట్లో ఎందుకు ఒప్పుకోం? తెర మీద కష్టం హీరోది కాబట్టి మనకి ఖర్చు లేదు. వాడకట్టులో ఆ నాలుగు మాటలు పడాల్సింది మనం కదా!

మీరూ అల్లండి!

ఇంత చెప్పి పువ్వు అల్లే విధానం చెప్పకపోతే ఆడపడుచులు ఊరుకోరు. అత్త చెప్పిన పద్ధతే ఇది.

20వ నంబరు మెర్సరైజ్డ్ నూలు దారం, సన్న స్టీలు క్రోషియా సూది తీసుకోండి. ఆరు గొలుసులు అల్లి, కొసలు కలిపి ఉంగరం చెయ్యండి. మళ్లీ ఆరు గొలుసులు అల్లి, ఉంగరంలోంచి ఒక పొడుగు కుట్టు వెయ్యండి. అక్కడినుంచి మూడు గొలుసులు, ఒక పొడుగు కుట్టు, మూడు గొలుసులు, ఒక పొడుగు కుట్టు... ఇలా చుట్టూ ఆరు అరలు వచ్చాక, మొదలుపెట్టిన ఆరు గొలుసుల్లో మూడో దానికి కలిపెయ్యండి. సైకిల్ చక్రంలా పుల్లలు కనిపిస్తాయి.

రెండో వరసలో ఒక్కో అరలో ఒక పొట్టి కుట్టు, ఒక సగం పొడుగు కుట్టు, మూడు పొడుగు కుట్లు, మళ్లీ ఒక సగం పొడుగు, ఒక పొట్టి. ఇది ఒక రేకు. ఆరు అరలకి ఆరు రేకులు.

కిటుకంతా మూడో వరసలోనే ఉంది. పువ్వును వెనక్కి తిప్పి, రేకుల వెనక కనిపించే పుల్లలకు తగిలిస్తూ అయిదేసి గొలుసుల అరలు వెయ్యండి. ముందు రేకుల్ని ముట్టుకోవద్దు! నాలుగో వరసలో ఈ వెనక అరల్లో మూడు పొడుగు కుట్లకి బదులు అయిదు వెయ్యండి. వెనక రేకులు పెద్దవై, ముందు రేకులు పైకి లేచి, గులాబీ విచ్చుకున్నట్టే ఉంటుంది. ఐర్లండు ఆడవాళ్ల గులాబీ ఇదే!

చిక్కటి గంజిలో ముంచి, పిండి, రేకుల్ని వేలితో సర్ది నీడన ఆరబెట్టండి. పిన్నుకి కుట్టుకోవచ్చు, రబ్బరు బ్యాండుకి కుట్టుకోవచ్చు, జడకుచ్చుల పైన వరసగా కుడితే పెళ్లిజడకి కూడా బ్రహ్మాండంగా ఉంటుంది. మాసిపోతే సబ్బునీళ్లలో ఉతికి మళ్లీ గంజి పెట్టుకోవడమే. పూలకొట్టుకి ఈ సౌకర్యం ఉందా చెప్పండి!

లెక్క కట్టిన అత్త

నర్సాపురం సంగతి చదివాక నేను అత్తకు చెప్పాను. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. మర్నాటి నుంచి గోడ గడియారం కింద కూచుని అల్లడం మొదలుపెట్టింది! ఏ పువ్వుకు ఎన్ని నిమిషాలో బొగ్గుతో గోడ మీద రాసింది. ఎనిమిది గంటల పనికి నలభై రూపాయలు కూడా దాటడం లేదు. అందులో దారం ఖర్చు ఆమెదే! ఆ గోడ లెక్క కాగితం మీద ఎక్కించి దుకాణానికి పోయింది. వాడు నవ్వి మూడు రూపాయలన్నాడు. అత్త పూలన్నీ సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చేసింది. ఆ ఏడు బతుకమ్మ ముందు తనే ఇల్లిల్లూ తిరిగి పువ్వు పది రూపాయలకు అమ్మింది. అన్నీ అమ్ముడుపోలేదు, కొన్ని మిగిలాయి. అయినా దుకాణం ఇచ్చినదానికంటే ఎక్కువే చేతికొచ్చింది.

2019లో ఆమె కూతురి పెళ్లయింది. పెళ్లినాడు పొద్దున ఆ పిల్ల తను అల్లిన తెల్ల చామంతి ఒకటి తెచ్చి తల్లి కొప్పులో గుచ్చింది. ఒక ముసలమ్మ మూతి తిప్పింది. ఇద్దరు ముగ్గురు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. అత్త చెయ్యి రెండుసార్లు కొప్పు మీదకు పోయింది, తియ్యలేదు. బంతిలో అందరికీ వడ్డించింది, అప్పగింతల్లో ఏడ్చింది, పువ్వు అలాగే ఉంది. రాత్రి తీసి డబ్బాలో పెట్టుకుంది. తరవాత పెట్టుకుందా అంటే, రోజూ పెట్టుకోదు. పెట్టుకోవాలనిపించిన నాడు పెట్టుకుంటుంది. ఎవర్నీ అడగదు.

నర్సాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది. మంచిదే! పేరుకు రక్షణ దొరికింది, చేతికి గిట్టుబాటు కూడా దొరకాలి.

ఆఖరుగా ఒక్క మాట. గుడ్డ నేసే మిషన్లున్నాయి, క్రోషియాలా కనిపించే లేసు తయారుచేసే మిషన్లున్నాయి. కానీ అసలు సిసలు క్రోషియా పువ్వును అల్లేది మనిషి చెయ్యే. కాబట్టి బజారులో క్రోషియా పువ్వు మరీ చవగ్గా కనిపిస్తే మురిసిపోకండి. అది మిషన్ చేసిన చవక కాదు, ఎక్కడో ఎవరో ఒకావిడ కళ్లు నొప్పులు పుట్టేలా కూచున్న పాతిక నిమిషాల చవక. బేరం మొదలుపెట్టే ముందు గడియారం వైపు ఒకసారి చూడండి. ఆ తరవాత ఎంతకి అడుగుతారో మీ ఇష్టం!