ఫిల్టరు ఉన్న ఇంట నీరు కాచవలెనా?

"అయ్యా, ఇంటిలో ఫిల్టరు ఉండగా మరల నీటిని కాచవలెనా?" అని నా వద్దకు వచ్చు గృహిణులు తరచు అడుగుచుందురు. పదేళ్ళ క్రిందట ఒక తల్లి ఇదే ప్రశ్న వేయగా "అక్కరలేదమ్మా" అంటిని. ఆ మాట ఎంత పొరపాటో నాకు ఎట్లు తెలిసివచ్చినదో ఇచ్చట వ్రాయుచున్నాను.

నేను గోదావరి తీరమున గురువుగారి ఇంట ఉండి విద్యనభ్యసించితిని. ఆషాఢమున క్రొత్తనీరు ఎర్రగా వచ్చినపుడు చిల్లగింజను రాతిపై అరగదీసి, ఆ గంధమును బిందెలోని నీటిలో కలుపుట శిష్యుల పని. కొన్ని గంటలలో మన్ను అడుగునకు దిగెడిది. పైతేట నీటిని మడతబట్టతో వడకట్టి, గురుపత్ని కాచి చల్లార్చెడివారు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున కలకనీటిని తేర్చు సాధనములు ఏడు చెప్పబడినవి. చిల్లగింజ, వస్త్రము వాటిలోనివే. చెడిన నీటిని అగ్నిపై కాచుట ఆ అధ్యాయముననే వేరుగా చెప్పబడినది. తేర్చుట వేరు, కాచుట వేరు. బాల్యమున కన్నులార చూచిన ఈ భేదమును వైద్యుడనైన పిమ్మట మరచితిని.

నా మాట విని ఆ తల్లి నీరు కాచుట మానినది. వానకాలమున వారి వీథిలో మురుగుకాల్వ ప్రక్కన మంచినీటి గొట్టము పగిలినది. ఫిల్టరులోని నీరు మాత్రము స్ఫటికము వలె ఉన్నది! కొన్ని వారములకు ఎనిమిదేళ్ళ బాలునికి కామెర్లు వచ్చినవి. రక్తపరీక్షలో హెపటైటిస్-ఎ అని తేలినది. నెల దాటిన పిదప గాని బాలుడు బడికి పోలేదు. ఆ తల్లి నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించినది అదియే.

క్యాండిలు ఫిల్టరులోని క్యాండిలు సన్నని రంధ్రములు గల కాల్చిన మట్టితో చేసినది. మన్ను, త్రుప్పు, విరేచనములు కలిగించు సూక్ష్మక్రిములలో చాలభాగము దానియందు నిలిచిపోవును. కామెర్ల వైరస్ వాటికంటె ఎంతో చిన్నది కావున దాటిపోగలదు. కావున వానకాలమున, వీథిలో కామెర్లు, విరేచనములు ఉన్నపుడు ముందు వడపోసి, పిదప కాచవలెను. నీరు తెర్లి ఒక నిమిషము మరిగిన చాలును. కాచిన నీటిని ఫిల్టరులో పోయుట తలక్రిందుల పని. క్యాండిలునకు అంటిన మలినము మరల నీటిలో చేరవచ్చును.

అట్లని ఫిల్టరు నిరుపయోగమని తలచరాదు. నీటిలో మడ్డి, త్రుప్పువాసన లేకున్న పిల్లలు అడిగి త్రాగుదురు. కాచు గిన్నె అడుగున మన్ను పేరుకొనదు. అతినీలలోహిత కిరణములతో పనిచేయు యంత్రము వైరస్‌లను కూడ అణచగలదు. నీరు తేటగా ఉండవలెను, కరెంటు ఉండవలెను.

ఫ్లోరైడు సంగతి వేరు. నాటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ 1937లోనే వైద్యలోకమునకు తెలిసినది. నల్లగొండ పల్లెల బాధ అందరెరిగినదే. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. దానిని క్యాండిలు ఆపలేదు. కాచినచో నీరు ఆవిరియై ఫ్లోరైడు మరింత చిక్కనగును. బోరునీటిని పరీక్ష చేయించి, అవసరమైనచో ఆర్.ఓ. యంత్రమును పెట్టుకొనవలెను. అది విడిచిపెట్టు నీరు గచ్చు కడుగుటకు పనికివచ్చును, పారబోయకుడు.

క్యాండిలును వారమునకొకసారి, చేతులు శుభ్రముగా కడుగుకొని, ధారగా పడు నీటిక్రింద మెత్తని బ్రష్షుతో రుద్దవలెను. సబ్బు తగదు. వెంట్రుకవాసి పగులు కనబడినను మార్చవలసినదే. కొందరు గృహస్థులు వేలు పోసి ఫిల్టరు కొని, క్యాండిలు మార్చుటకు మాత్రము వెనుకాడుదురు! ఇక, ఎంత శుభ్రమైన నీరైనను గ్లాసు ముంచిన చెడును. కుళాయి ఉన్న పాత్ర గాని, పొడవు కాడ గల గరిటె గాని వాడుడు.

కాచి చల్లార్చిన నీటిని నిలువ ఉంచి మరునాడు త్రాగరాదని మన శాస్త్రము చెప్పుచున్నది. రాత్రి మిగిలినదానిని మా ఇంట తెల్లవారి తులసికోటలో పోయుదుము.