ఒక పత్రము - రెండు చూపులు

1947 సెప్టెంబరు 2వ తేదీన, వరంగల్లునకు చేరువనున్న పరకాలలో మువ్వన్నెల జెండా నెగురవేయుటకై చుట్టుపట్ల పల్లెల ప్రజలు తరలివచ్చిరి. వారి దృష్టిలో అది పదునెనిమిది దినముల క్రితము స్వతంత్రమైన తమ దేశపు పతాకము. నిజాము ప్రభుత్వము దృష్టిలో అది పొరుగు రాజ్యపు పతాకము. దానిని పట్టినవాడు రాజద్రోహి. నిజాము బలగములు జరిపిన కాల్పులలో 22 మంది నేలకొరిగిరి.

ఈ దృష్టిభేదము పరకాలతో ముగియలేదు. మూడు మాసములు నిండక మునుపే, నవంబరు 29న, భారత ప్రభుత్వమునకును హైదరాబాదునకును ఒక సంవత్సరపు గడువుతో యథాతథ ఒడంబడిక కుదిరెను. పత్రమొక్కటే, ఉభయులును దానిని చదువుకొన్న తీరు వేరు. ఢిల్లీకి అది విలీనమునకు తొలిమెట్టు. నిజామునకు అది తన స్వతంత్రతను నిలుపుకొనుటకు దొరికిన వ్యవధి.

అటుపిమ్మట జరిగిన ప్రతి కార్యమునకును రెండర్థములు పుట్టెను. హైదరాబాదు పాకిస్తానునకు 20 కోట్ల రూపాయల ఋణమీయ బూనగా, అది తన ఖజానా వ్యవహారమని ఆ ప్రభుత్వము వాదించెను. ఒడంబడికకు ద్రోహమని ఢిల్లీ తలంచెను. సరిహద్దులలో సరకులు నిలిచిపోగా, హైదరాబాదు దానిని ముట్టడి యనెను. 1948 జనవరిలో భారత ప్రతినిధిగా వచ్చిన కె. ఎం. మున్షీని వర్తక వ్యవహారములకు మాత్రమే పరిమితుని చేయవలెనని నిజాము మంత్రులు కోరిరి. పూర్వపు బ్రిటిషు రెసిడెంటు నీడ వారి కన్నుల నింకను వీడలేదు.

అనుమానము చేరిన చోట ఒడంబడికలోని ప్రతి మాటయు అభియోగమగును. అయినను, ఇది కేవలము ఉభయ ప్రభుత్వముల నడిమి అపోహ యనుకొన్నచో పరకాల మృతులకు అన్యాయము చేసినవారమగుదుము. ఒడంబడికపై చేవ్రాలు చేసినవారు ఇరువురు. ఆ రాజ్యమున బ్రతుకవలసిన ప్రజల చూపునకు అందులో తావు లేదు. తమ దేశమేదో వారు సెప్టెంబరు 2వ తేదీననే చెప్పియుండిరి. నిజాము దానిని వినలేదు. అపోహను మాటలతో తొలగింపవచ్చును. చూడనొల్లనితనమును ఏ పత్రమును తొలగింపజాలదు.

1948 ఆగస్టులో హైదరాబాదు ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసెను. సెప్టెంబరు 13న భారత సేనలు ప్రవేశించెను. 17వ తేదీకి పోరు ముగిసెను. ఒడంబడిక గడువు ఇంకను రెండు నెలలకు పైగా మిగిలియే యుండెను.

నేడు పరకాలలోని అమరధామము ఆ 22 మందిని తలపునకు తెచ్చుచున్నది. పొరుగువారి మనస్సు నెరుగుట రాజనీతి కవసరమే. తన ప్రజల మనస్సు నెరుగుట అంతకన్న ముందు నేర్వవలసిన పాఠము.