హాస్పీస్ సేవ: దాతృత్వం, దాని పరిమితి

కీలక పదాలు: హాస్పీస్, ఉపశమన వైద్యం, సమగ్ర వేదన, దాతృత్వం, మార్ఫిన్

ఉపోద్ఘాతం:
వ్యాధి నయమయ్యే అవకాశం లేనప్పుడు "ఇక చేయగలిగిందేమీ లేదు, ఇంటికి తీసుకువెళ్ళండి" అనే మాట ఆసుపత్రులలో తరచుగా వినిపిస్తుంది. నయం చేయలేకపోవడం వేరు, చేయగలిగింది లేకపోవడం వేరు. ఈ భేదాన్ని గుర్తించి రూపొందిన వ్యవస్థ హాస్పీస్. అది విరాళాలపై ఎందుకు ఆధారపడుతుందో, విరాళాలు ఎంతవరకు సరిపోతాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. భావన - ఆవిర్భావం:
ఆధునిక హాస్పీస్‌కు ఆద్యురాలు ఇంగ్లండుకు చెందిన సిసిలీ సాండర్స్. ఆమె నర్సుగా, వైద్య సామాజిక కార్యకర్తగా, అనంతరం వైద్యురాలిగా పనిచేశారు. 1948లో లండన్‌లో క్యాన్సర్‌తో మరణించిన డేవిడ్ టాస్మా అనే పోలండ్ శరణార్థి ఆమెకు 500 పౌండ్లు విడిచివెళ్ళాడు. ఆమె స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్‌కు తొలి విరాళం అదే. ఆ సంస్థ 1967లో ప్రారంభమైంది. రోగి బాధ కేవలం శారీరకం కాదనీ, అందులో మానసిక, సామాజిక, ఆధ్యాత్మిక పార్శ్వాలు కలగలిసి ఉంటాయనీ ఆమె వివరించారు. దీనినే 'సమగ్ర వేదన' అనవచ్చు. హాస్పీస్ మరణాన్ని త్వరితం చేయదు, బలవంతంగా వాయిదా వేయదు.

2. విరాళాల ఆవశ్యకత:
శస్త్రచికిత్సకు, కీమోథెరపీకి ప్యాకేజీ ధర నిర్ణయించడం సులభం. పుండ్లు శుభ్రపరచడం, రాత్రివేళ రోగి పక్కన కూర్చోవడం, కుటుంబాన్ని ఓదార్చడం వంటి పనులకు అలా ధర కట్టడం కష్టం. హాస్పీస్‌లో ప్రధానంగా వెచ్చించేది కాలం, మానవశ్రమ. పైగా అక్కడికి చేరేసరికి అనేక కుటుంబాలు చికిత్స ఖర్చులతో అప్పులపాలై ఉంటాయి. కనుక సేవ ఉచితంగా అందాలంటే ఆ భారం దాతలే మోయవలసి వస్తోంది.

3. భారతీయ అనుభవం:
మన దేశంలో తొలి హాస్పీస్ శాంతి అవేదనా సదన్ 1986లో ముంబయిలో వెలసింది. కోజికోడ్‌లో 1993లో ఏర్పడిన పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ మరొక మార్గం చూపింది. క్రమేణా కేరళలో స్థానికులే శిక్షణ పొంది, చిన్న చిన్న మొత్తాలు పోగుచేసి, రోగుల ఇళ్ళకే సేవను తీసుకువెళ్ళారు. 2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన వైద్య విధానాన్ని ప్రకటించి, స్థానిక సంస్థలను ఇందులో భాగస్వాములను చేసింది. తెలుగు నేలపై హైదరాబాద్‌లోని స్పర్శ్ హాస్పీస్ విరాళాలతో ఉచిత సేవ అందిస్తున్నది.

4. దాతృత్వానికి పరిమితి:
దాత మంచాన్ని ఇవ్వగలడు, నర్సు జీతాన్ని ఇవ్వగలడు, కాని చట్టాన్ని మార్చలేడు. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ చవకైన మందు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తరువాత, పలు అనుమతులు తప్పనిసరి కావడంతో దేశంలో దాని వైద్య వినియోగం బాగా పడిపోయింది. నల్లమందును ఉత్పత్తి చేసే దేశంలోనే రోగులకు మార్ఫిన్ దొరకని స్థితి ఏర్పడింది. 2014 సవరణ ఈ ప్రక్రియను సరళీకరించింది. అయినప్పటికీ శిక్షణ పొందిన వైద్యుడు, మందును నిల్వచేసే గుర్తింపు పొందిన కేంద్రం అందుబాటులో లేనిచోట ఆ సవరణ ఫలితం రోగిని చేరదు.

ముగింపు:
హాస్పీస్‌కు పునాది వేసింది దాతృత్వమే. రోగికి పొరుగువారి ఆత్మీయతను అందించేదీ అదే. అయితే నొప్పి లేకుండా మరణించడం దాత దొరికిన ఊరివారికి మాత్రమే దక్కే అదృష్టం కారాదు. మందు, శిక్షణ, సిబ్బంది ప్రభుత్వ బాధ్యతగా, సాహచర్యం సమాజ బాధ్యతగా నిలిచినప్పుడే ఈ సేవ హక్కుగా పరిణమిస్తుంది.