ఆట ముగిసిన వీరుల అజ్ఞాతవాసము

కావ్యములలో వీరుని తుది సాధారణముగ రెండు విధములుగ నుండును. అతఁడు రణభూమిని నేలకొఱుగును. లేకున్న గెలిచి సింహాసనము నెక్కును. ముప్పదియైదవ యేఁట మోఁకాలు పట్టు తప్పి, భుజము నొప్పిపెట్టి, ఇంక బరిలో నిలువలేక యింటికి మరలివచ్చి, రేపటి పొయ్యి యెట్లు రగులునా యని చింతించు వీరుని గూర్చి కవులు వ్రాయుట యరుదు. ఆ చింత యాతని తల్లికిని భార్యకును తెలియును. కావున నిది గృహిణులు మాటలాడుకొనఁదగిన సంగతియే యని తలఁచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆట మానిన పిదప ఆటగాండ్రు పలువురు తెరపైకి వచ్చుచున్నారు. వారిలో ననేకులకు దొరకునది పెద్ద చిత్రములలోని నాయకపాత్ర కాదు. చిన్న పెట్టుబడితో తీసిన చిత్రములలో రాక్షసుఁడు, భూతము, కావలి మల్లుఁడు, మాటలాడని దుండగీఁడు — ఇట్టి వేషములే వారికి తఱచుగా దక్కును. పిల్లలు రాత్రివేళ టెలివిజను చూచి కెవ్వున కేక వేయుదురు. ఆ భూతము ఒకప్పుడు దేశమునకు పతకము తెచ్చిన మనుష్యుఁడని వారికెవరు చెప్పుదురు?

ఈ పద్ధతి మనదేశమునకు మాత్రమే చెందినది కాదు. అమెరికాలో బేస్‌బాల్ అను ఆట కలదు. అది మన పిల్లలాడు క్రికెట్టునకు దూరపు చుట్టము. చక్ కానర్స్ అను నాతఁడు 1949లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు పక్షమున నొకే యొక్క పందెమాడెను. 1951లో చికాగో కబ్స్ జట్టున మఱికొన్ని పందెము లాడెను. ఆఱడుగులను మించిన యా నిలువెత్తు మనిషిని సినిమావారు చేరదీసిరి. 1958 మొదలు 1963 వఱకు టెలివిజనులో తుపాకి పట్టిన రైతు వేషమున ఆయన గొప్ప పేరు పొందెను. తరువాత కాలము మాఱెను. 1973లో టెలివిజను కొఱకే తీసిన యొక భయానక చిత్రమున ఆయన విమానచోదకుఁడు. లండను నుండి బయలుదేఱిన విమానములో నొక ప్రాచీన మఠపు రాళ్ళుండును. వానితోపాటు పిశాచమును ప్రయాణము చేయును. ముప్పదియేడువేల యడుగుల యెత్తున జరుగు నా భీభత్సమును తక్కువ వ్యయముతో తీసిరి. 1987లో మఱియొక ధారావాహికలో ఆయన తోఁడేలుగా మాఱు మనిషి వేషము వేసెను.

స్వీడను దేశమునఁ బుట్టి అమెరికాలో కుస్తీలు పట్టిన టోర్ జాన్సన్ చరిత్ర యింతకంటె జాలి గొలుపును. మూఁడు వందల పౌనులను మించిన యా భారీకాయుఁడు 1955లో నొక చిన్న చిత్రమున లోబో అను మూగ సేవకుఁడుగ కనఁబడెను. మాటలులేని యా వేషమే ఆయనకు ముద్ర యయ్యెను. తుదకు ఆ ముఖమును పోలిన రబ్బరు ముసుగులు అంగళ్ళలో అమ్ముడుపోయెను. బరిలో నెగ్గిన శరీరమునకు మిగిలినది పిల్లలను వెఱపించు ముసుగు!

ఇట్లేల జరుగుచున్నది? కారణము వెదకుట కష్టము కాదు. ఆటగాని ప్రాయము చిన్నది. వకీలునకును వైద్యునకును నలువదవ యేఁట గిరాకి పెరుగును. ఆటగానికి ఆ వయసు రాకముందే తలుపులు మూయఁబడును. బలము పోయినను పేరు కొంతకాలము నిలుచును. చిన్న నిర్మాతకు పెద్ద తారను తెచ్చు స్తోమత లేదు. అయినను గోడపత్రికపై నెఱిఁగిన పేరొకటి కావలెను. ఆ పేరు ఆటగాని యొద్ద చవుకగా దొరకును. పైగా భూతమునకు సంభాషణము లక్కఱలేదు. ఎత్తును వెడల్పును చాలును. ఆటగాని యవసరమును నిర్మాత యవసరమును ఇట్లు సంధి కుదుర్చుకొనును.

మన తెలుఁగునాట ఈ కథకు తొలి నాయకుఁడు కోడి రామమూర్తినాయుఁడుగారు. శ్రీకాకుళపు సీమలోని వీరఘట్టమునఁ బుట్టిన యాయన మొదట విజయనగరమున పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుఁడు. పిమ్మట సర్కసు స్థాపించి, ఱొమ్ముపై నేనుఁగు నెక్కించుకొని, ఇనుప గొలుసులు త్రెంచి, కలియుగభీముఁ డనిపించుకొనెను. ఆనాఁడు టెలివిజను లేదు గాని ఆయన చేసినదియు బలమును ప్రదర్శనముగా మార్చుటయే. తుదిదినములలో కాలి వ్యాధిచే బాధపడి 1942లో కాలధర్మము నొందెను.

దారాసింగుగారి మార్గము కొంత మేలు. 1962లో వచ్చిన 'కింగ్ కాంగ్' అను హిందీ చిత్రమున కథానాయకుఁడై, అట్టి చిన్న కుస్తీ చిత్రములు పెక్కింటిలో నటించి, 1983లో మల్లయుద్ధమునుండి విరమించెను. 1987లో రామానందసాగరుని 'రామాయణ్' దూరదర్శనమున ఆరంభమైనపుడు హనుమంతుఁ డాయనయే. అప్పటికి ఆయనకు షష్టిపూర్తి సమీపించుచుండెను. నాఁడు టెలివిజను గల యింటికి ఆదివారము ఉదయము వాడకట్టంతయు చేరెడిది. తెరపై హనుమంతుఁడు కనఁబడఁగనే ముత్తవ్వలు చేతులు జోడించిరన్నచో, ఆ దండము కొంత వేషమునకు, కొంత ఆ మల్లుని దేహమునకు.

ప్రవీణ్‌కుమార్ సోబ్తిగారి విషయ మట్లు కాదు. ఆయన 1966లోను 1970లోను బ్యాంకాకున జరిగిన ఆసియా క్రీడలలో చక్రము విసరుటయందు స్వర్ణపతకములు గెలిచెను. 1968, 1972 సంవత్సరముల ఒలింపిక్సులలో భారతదేశము పక్షమున నిలిచెను. సరిహద్దు భద్రతాదళమున నుద్యోగము చేసెను. ఇంతటి వానిని లోకము గుర్తుంచుకొన్నది మాత్రము 1988లో మొదలైన బి.ఆర్. చోప్రా 'మహాభారత్'లో గద పట్టిన భీమునిగనే. హిందీ చిత్రములలో ఆయనకు దొరకినవి తఱచు దుండగీని ప్రక్కనుండు బలశాలి వేషములు. వార్ధకమున తనకు రావలసిన క్రీడాకారుల పింఛను రాలేదని పత్రికలవారితో వాపోయెను. 2022 ఫిబ్రవరి 7వ తేదీని మరణించెను. స్వర్ణపతకములకంటె అట్టగద యెక్కువ గుర్తుండుట మన జ్ఞాపకశక్తికి గౌరవము కాదు.

క్రికెట్టు ధనికుల యాట గదా, అందలివారి కీ గతి పట్టదని కొందఱందురు. సలీల్ అంకోలా అను వేగపు బంతికాఁడు 1989లో కరాచీలో సచిన్ తెండూల్కరుతోపాటే తొలి టెస్టాడెను. అదియే ఆయనకు కడపటి టెస్టు. కాలియెముకలో కణితి పుట్టుటచే ముప్పది యేండ్ల లోపుననే ఆట మానవలసివచ్చెను. అటుపై టెలివిజను ధారావాహికలే జీవనాధార మయ్యెను. 2016లో మొదలైన శనైశ్చరుని కథలో ఆయన సూర్యదేవుని వేషము ధరించెను. అయినను ఆయన మరల క్రికెట్టునకు చేరి, 2023లో భారతజట్టును ఎన్నుకొను సంఘమున సభ్యుఁ డయ్యెను. తెర ఆయనకు మజిలీ యయ్యెను గాని గమ్యము కాలేదు.

మఱి స్త్రీల మాట? పి.టి. ఉషతో పోటీపడి పరుగెత్తిన కొడగుసీమ వనిత అశ్విని నాచప్పగారు. 1988లో అర్జున పురస్కారము పొందిరి. 1991లో ఉషాకిరణ్ మూవీస్ సంస్థ మౌళిగారి దర్శకత్వమున 'అశ్విని' అను తెలుఁగు చిత్రము తీసి, పరుగుకత్తెగా నామెనే నాయికను చేసెను. పరుగెత్తు స్త్రీని పరుగెత్తునట్లే చూపిన చిత్ర మది. పిదప మఱికొన్ని తెలుఁగు చిత్రములలో నటించి, ఆ మార్గమును విడిచి, కొడగులో చదువును ఆటలును కలిపి నేర్పు పాఠశాలను స్థాపించిరి. ఈ త్రోవ మాకు మిక్కిలి నచ్చినది. బ్యాడ్మింటనులో 2010 కామన్వెల్తు స్వర్ణమును, 2011 ప్రపంచ పోటీలలో కాంస్యమును పొందిన గుత్తా జ్వాలగారిని 2013లో మన తెలుఁగు సినిమా పిలిచినది ఒక పాటలో నర్తించుటకు. ఆమె యిష్టమును మేము తప్పుపట్టము. ఆ చేతి వేగమునకు తగిన కథ నొకటి కల్పింపలేని సినిమావారి పేదఱికమునే తప్పుపట్టుచున్నాము.

ఇచ్చట విరాటపర్వము మా మనస్సునకు వచ్చుచున్నది. భీముఁడు వలలుఁడై వంటయింట గరిటె పట్టెను. అర్జునుఁడు బృహన్నలయై కన్నెలకు నాట్యము నేర్పెను. ఆ పనులచే వారి గౌరవము తఱుగలేదు. వలలుఁడు రాజు వేడుకకై జీమూతుఁడను మల్లునితో పోరెను. చీఁకటిలో నర్తనశాలయందు కీచకుఁడు ముద్దయై పడియుండఁగా, అది గంధర్వుల పని యని పురజనులు గడగడ వడఁకిరి. బలశాలి వేషము మార్చి, చీఁకటిలో భయము పుట్టించు కథ మనకు క్రొత్త కాదన్నమాట. అయినను పాండవుల కొక గడువు కలదు. ఏఁడాది నిండఁగనే వారి పేర్లు వారికి వచ్చెను. ఆట మానిన వీరుల యజ్ఞాతవాసమునకు గడువు లేదు. శమీవృక్షముపై దాఁచిన యాయుధమును లేదు. వెలితి వేషములో లేదు, ఆ గడువు లేకపోవుటలో నున్నది.

ఇఁక మన యూళ్ళ సంగతి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో తెరవేషముల గొడవ యెవరికి పట్టునని చదువరులు నవ్వవచ్చును. కాని బడిమైదానములలో కబడ్డీ కూఁత మన బాలికలును కూయుచున్నారు. 2021 మార్చి 22వ తేదీని సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల యారంభమున ప్రేక్షకుల కొఱకు కట్టిన గ్యాలరీ కూలి నూఱుమందికి పైగా గాయపడిరి. ఆ దుర్ఘటన చెప్పున దొకటి కలదు: ఆటను చూచుటకు మన జనము అంతగా తరలివత్తురు. ఆటగాండ్రకు మాత్రము ఆ చప్పట్లు ఇంటివఱకు రావు. పురుషుల ప్రో కబడ్డీ 2014 మొదలు నడచుచున్నది. దానితోపాటు స్త్రీలకై మూఁడు జట్లతో 2016లో జరిపిన పోటీ మఱుసటి యేఁట సాగలేదు. మగపిల్లవానికి ఆట పిదప తెరవేషమైన దొరకునేమో. ఆడుపిల్లకు భూతము వేషము కూడ నిచ్చువారు లేరు. "ఇది కూడు పెట్టునా?" అని మిర్యాలగూడ బియ్యపు మిల్లులో పనిచేయు తల్లి యడిగినచో, ఆమెను మూఢురా లనుట న్యాయము కాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది మనము.

జవాబు లేకపోలేదు. నిజామాబాదు బాలిక నిఖత్ జరీనును 2024లో తెలంగాణ ప్రభుత్వము పోలీసుశాఖలో డీఎస్పీగా నియమించెను. పి.వి. సింధును 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము డిప్యూటీ కలెక్టరును చేసెను. అందఱును సింధులు కారు; నిజమే. అయినను వ్యాయామోపాధ్యాయిని, శిక్షకురాలు, రైల్వేలో ఉద్యోగిని — ఇట్టి స్థానములు నడిమిమెట్టు వారికిని కలవు. వానికి చదువు కావలెను. ఉపాధ్యాయుని యింట నుండుటచే మేము తఱచుగ వినునది యొకటి కలదు: ఆటలో గెలిచిన పిల్ల పరీక్షలో తప్పినను ఫరవాలేదని పెద్దలు కొందఱందురు, ఆటలాడు పిల్ల చదువు చెడునని మఱికొందఱందురు. ఈ రెండు మాటలును పిల్లకు హాని చేయునవే. కాలు బెణికిననాఁడు పుస్తకము నిలుపును. పుస్తకము విసివిననాఁడు మైదానము నిలుపును.

తల్లులకు మఱియొక మనవి. మీ బిడ్డ మండలములోను జిల్లాలోను రాష్ట్రములోను ఆడి తెచ్చిన ధ్రువపత్రములను గోడకు మేకు కొట్టి వ్రేలాడఁదీయకుఁడు. వానలో తడియును, చెదలు పట్టును. క్రీడాకోటాలో దరఖాస్తు పెట్టుకొనునపుడు అధికారి అడుగునది కప్పుల మెఱుపు కాదు, ఆ కాగితములనే. పట్టాదారు పాసుపుస్తకమును, బంగారము కుదువపెట్టిన రసీదును ఏ పెట్టెలో దాఁచుదురో, ఆ పెట్టెలోనే వానిని దాఁచుఁడు. ఈ రాత్రి టెలివిజనులో పెద్ద మనిషి యొకఁడు భూతమై యఱచినపుడు మాత్రము పిల్లల ప్రక్కన కూర్చుండి, ఆతని యసలు పేరేమో, ఏ యాట నాడెనో కనుఁగొని చెప్పుఁడు.